మీటరు నిజమే చెబుతోందా?

పత్తి తీతలు మొదలైతే ఎమ్మిగనూరు వైపు నుంచి ఆదోని మార్కెట్‌ యార్డుకు లోడు లాగే ట్రాక్టరుకు తీరికుండదు. పాత బండిలో టెంపరేచర్‌ సూది కదలకపోయినా ‘నడుస్తోంది కదా’ అని వదిలేస్తారు. ఇంజిన్‌ మితిమీరి వేడెక్కి హెడ్‌ గ్యాస్కెట్‌ పోయిందా... పత్తి దారిలోనే!

డిజిటల్‌ మీటరు సొంతంగానే బిగించుకోవచ్చు. చిక్కల్లా సెన్సరుతోనే. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్‌ నిరోధం తగ్గుతుంది. మీటరు దాన్నే డిగ్రీల్లోకి మారుస్తుంది. పాత సెన్సరుకు కొత్త మీటరు తగిలిస్తే ఆ లెక్క తప్పొచ్చు. అంకెలు మాత్రం దర్జాగా వెలుగుతాయి! అందుకే రెండూ జతగా కొనాలి, త్రెడ్డు కూడా సరిపోవాలి. ముందు సెన్సరు బాడీకి ఎర్త్‌ తీగ కలిపి, కొసను మరిగే నీళ్లలో ముంచి చూడండి. 100కు దగ్గరగా చూపాలి. ఇంజిన్‌ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగటివ్‌ తీగ ఊడదీశాకే బిగింపు. వేడి మీద రేడియేటర్‌ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదకే! పాత ఆయిల్‌ ప్రెషర్‌ లైటును మాత్రం పీకెయ్యొద్దు.