జేబులో ఇమిడిన రాక్షసులు!

కాలు మోపితే నగరం కూలాలి! తోక విసిరితే వంతెన విరగాలి! జపాన్ తెర మీద రాక్షసుడంటే అలాగే ఉండేవాడు. 1954లో 'గాడ్జిల్లా' చేసిన హంగామా అదే. మరి అంతటి భీకరాకారం కుర్రకారు జేబులో ఇమిడే నేస్తంగా ఎలా మారింది? ఆ తమాషా బుల్లితెర మీద జరిగింది.

'గాడ్జిల్లా' ట్రిక్ దృశ్యాల మాంత్రికుడు ఎయ్‌జీ త్సుబురాయా. ఆయన సంస్థ 1966లో టీవీకి 'అల్ట్రామన్' తీసింది. వారం వారం కొత్త రాక్షసుడు కావాలాయె! ఆ రూపాలు గీసే భారం తోరు నరితా అనే శిల్పి మీద పడింది. పసితనంలో నిప్పుల్లో పడి ఎడమచెయ్యి కాల్చుకున్న మనిషాయన. తనకు తానే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఉన్న జంతువునే పెద్దది చేసి చూపకూడదు. అదనంగా తలలూ చేతులూ అతికించి దెయ్యాన్ని చెయ్యకూడదు. ఒళ్లు ఛిద్రమై నెత్తురోడే రూపం అసలే వద్దు. చూసేది పిల్లలు మరి! అందుకే ఆయన రాక్షసుల్ని చూసి పిల్లలు జడుసుకోలేదు, మనసు పడ్డారు.

1967లో వచ్చిన 'అల్ట్రా సెవెన్'లో ఇంకో అడుగు పడింది. హీరో దగ్గర చిన్న చిన్న క్యాప్సూల్స్ ఉంటాయి. తాను రూపం మార్చుకునే వీల్లేనప్పుడు ఒకటి విసురుతాడు. అంతే, లోంచి రాక్షసుడు లేచి హీరో పక్షాన తలపడతాడు! విండమ్, మిక్లాస్, అగిరా... వీళ్లలో మొదటి ఇద్దరినీ గీసింది నరితాయే.

ఈ కథలు చూస్తూ, పురుగుల్ని పట్టి పోగేస్తూ పెరిగిన కుర్రాడు సతోషి తజిరి. పెద్దయ్యాక ఓ వీడియో గేమ్ తలపెట్టి, మొదట దానికి 'క్యాప్సూల్ మాన్‌స్టర్స్' అనే పేరు పెట్టుకున్నాడు. 1996లో అది 'పాకెట్ మాన్‌స్టర్స్'గా విడుదలైంది. అదేనండీ, మీ పోకెమాన్! 151 ప్రాణులు. క్యాప్సూల్ స్థానంలో బంతి. విసిరితే మీ తరఫున పోరాడే నేస్తం. కెన్ సుగిమోరి బృందం గీసిన వాటిలో మూడు తలల పక్షి కూడా ఉంది. నరితా అయితే దాన్ని ఒప్పుకునేవాడు కాదేమో!

ఆయన మాత్రం 1968లోనే, 'అల్ట్రా సెవెన్' నడుస్తుండగానే ఆ సంస్థ వదిలి వెళ్లిపోయాడు. తన సృష్టికి తగిన గుర్తింపు రాలేదన్న బాధతోనే 2002లో కన్నుమూశాడు. ఆయన గీసిన బొమ్మల్ని ఇవాళ అవోమోరి కళా మ్యూజియం భద్రంగా దాచింది. తెర మీద రాక్షసుడికి పేరుంటుంది, సూట్‌లో చెమటోడ్చే నటుడికీ ఒక్కోసారి దక్కుతుంది. కాగితం మీద ప్రాణం పోసినవాడే వెనకబడిపోతాడు. ఈసారి బంతి విసిరేటప్పుడు ఆ పేరు కూడా ఓసారి తలుచుకోండి: తోరు నరితా!