గుడ్లు పెట్టేముందు థర్మామీటరును పరీక్షిద్దాం

కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్ల అవుతుందని మన పిల్లలు అమ్మమ్మల నోట వింటూనే ఉంటారు. బడిలో చిన్న ఇంక్యుబేటరుతో దాన్ని కళ్లారా చూపించాలనుకునే ఉపాధ్యాయులకు మేం చెప్పేది ఒక్కటే. తెరపై కనిపించే అంకెను గుడ్డిగా నమ్మవద్దు. అది సెన్సారు ఉన్నచోటి వేడి. గుడ్డు ఉన్నచోట వేరుగా ఉండవచ్చు.

ఎంత వేడి కావాలి?

ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీల సెల్సియస్ ఉంచాలి. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి, గుడ్ల పైభాగం ఎత్తున కొలిచి 38.5 దగ్గర ఉంచాలి. వేడి కాస్త తగ్గితే కోడిపిల్ల ఆలస్యంగా వస్తుంది. బాగా పెరిగితే కొద్ది గంటల్లోనే పిండం చనిపోవచ్చు.

అంకె నిజమేనా?

గోరువెచ్చని నీటిలో మన థర్మామీటరు కొసను, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు కొసను పక్కపక్కనే ముంచి, నీటిని కలుపుతూ చూడాలి. జ్వరం థర్మామీటరు 37.5 చూపినప్పుడు మనది 38.1 చూపితే తేడా 0.6. ఇక యంత్రంలో ఆ థర్మామీటరు 38.1 చూపితేనే అసలు వేడి 37.5 అన్నమాట. ఈ తేడాను కాగితంపై రాసి యంత్రానికి అంటించాలి.

ఎండ, గాలి నేరుగా తగలని చోట యంత్రాన్ని ఒక రోజంతా ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉందని తేలాకే గుడ్లు పెట్టాలి. మూత తెరిచిన వెంటనే కనిపించే అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. కరెంటు పోతే మూత తీయకుండా దుప్పటి కప్పాలి. చివరి వారంలో పిండాలే వేడిని పుట్టిస్తాయి కనుక అప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

పట్టిక తెలుగులోనే

తేదీ, సమయం, ఉష్ణోగ్రత, తేమ: ఈ నాలుగు గళ్ల పట్టికను పిల్లలే వంతులవారీగా నింపాలి. హోసూరులోనైనా యానాంలోనైనా 'పొదగడం' ఇంట్లో విన్న మాట, 'ఉష్ణోగ్రత' పుస్తకంలో చదివిన మాట. రెండూ ఒకే పట్టికలో కలిసినప్పుడు, సైన్సు కూడా మన భాషలోనిదేనని పిల్లలకు తెలుస్తుంది.

గురువారం గుడ్లు పెడితే, తిప్పడం ఆపాల్సిన 18వ రోజు సోమవారం, పిల్లలు వచ్చే 21వ రోజు గురువారం అవుతాయి. నడుమ వచ్చే సెలవుల్లో ఎవరు చూసుకుంటారో, పుట్టిన కోడిపిల్లలను ఏ ఇంటివారు పెంచుతారో తల్లిదండ్రులతో మాట్లాడి ముందే తేల్చుకోవాలి. ఆ మాట కుదిరాకే గుడ్లు తేవాలి.