జీపు ఇంజను మిస్సు కొట్టుట

మన పిల్లల తండ్రులలో పాత జీపులు నడిపి జీవించువారు గలరు. చడావు నెక్కునపుడు ఇంజను లయ తప్పి కుదుపుటను వారు మిస్సు కొట్టుట యందురు. వెంటనే కార్బురేటరును విప్పబూనుట పలువురి అలవాటు. అది తొందరపాటని మా అభిప్రాయము. మొదట ఏ సిలిండరు పని మానినదో తెలిసికొనవలెను.

విల్లీస్ జీపు ఇంజనులో నాలుగు సిలిండర్లు గలవు. నిప్పురవ్వ వానికి 1, 3, 4, 2 అను వరుసలో అందును. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగ నూడదీసి, దాని కొనను ఇంజను లోహమునకు తగిలించి, మరల నడిపి వినవలెను. నడక మరింత కుంటుపడినచో ఆ సిలిండరు మంచిదే. ఏ మార్పును లేనిచో సోమరి అదియే. ఇంజను నడచుచుండగా తీగలను తాకరాదు. వానిలో వేల వోల్టుల విద్యుత్తుండును.

పిమ్మట ఆ ప్లగ్గును పక్కదానితో మార్చుదము. దోషము దాని వెంట పోయినచో ప్లగ్గే కారణము. మసి పట్టియుండును, లేదా పింగాణీ పగిలియుండును. పోనిచో తీగను, డిస్ట్రిబ్యూటరు మూతను పరీక్షింపవలెను. మూతలోని సన్నని బీటలో చెమ్మ చేరినచో వానదినమున మిస్సు కొట్టి, ఎండ కాయగానే ఏమియు ఎరుగనట్లు నడచును! ఇది గ్రహింపకయే కొందరు కొత్త సామానులకు డబ్బు పోయుదురు.

నాలుగును అప్పుడప్పుడు తప్పుచున్నచో పాయింట్లను, కండెన్సరును, ఆపైననే పెట్రోలును చూడవలెను. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒక్కసారి చచ్చినచో వాని నడుమ హెడ్ గాస్కెట్ కాలినదేమో యని అనుమానింపవలెను. కంప్రెషన్ కొలిచి చూచిన, రెండింటను తక్కువగా తేలును.