క్షణాల్లో మాయమయ్యే వాయువు – దాని జాడ చెప్పే కాంతి

గుండెనొప్పి ఉన్నవారికి నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ మాత్ర ఇస్తుంటాం. ఆ చిన్న మాత్ర అంత త్వరగా ఎలా పనిచేస్తుందని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి పనిచేస్తుంది. దానివల్ల రక్తనాళాలు సడలి, గుండెపై భారం తగ్గుతుంది.

వాయువే వార్తాహరుడు

ఈ వాయువు మన ఒంట్లో సహజంగానే తయారవుతుంది. రక్తనాళాల లోపలి పొర దీన్ని విడుదల చేసి, పక్కనున్న కండరానికి 'సడలు' అని కబురు పంపుతుంది. ఈ సంగతిని వెలుగులోకి తెచ్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. ఒంట్లో ఎక్కడైనా వాపు వచ్చినప్పుడు కూడా ఈ వాయువు ఎక్కువగా పుడుతుంది. అందుకే దాన్ని కొలవగలిగితే జబ్బు జాడ తెలుస్తుంది.

అయితే ఒక చిక్కుంది. ఇది కొద్ది క్షణాల్లోనే మాయమవుతుంది. రక్తం తీసి ల్యాబుకు పంపేలోగా మిగలదు. కాబట్టి పుట్టిన చోటే దాన్ని పసిగట్టాలి.

మసకబారితే కబురు అందినట్లే

అమెరికాలోని ఎం.ఐ.టి.లో మైకేల్ స్ట్రానో బృందం ఇందుకు కార్బన్ నానోట్యూబులను వాడింది. ఇవి వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని గొట్టాలు. వీటికి డి.ఎన్.ఎ. పోగు చుట్టి, లేజర్ కిరణం ప్రసరింపజేస్తే కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతి చర్మం గుండా బయటికి వస్తుంది, ప్రత్యేక కెమెరాకు చిక్కుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తగలగానే కాంతి మసకబారుతుంది. 2013లో ప్రచురించిన ప్రయోగంలో, జెల్‌లో కలిపి ఎలుకల చర్మం కింద అమర్చిన నానోట్యూబులు 400 రోజులకు పైగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. రక్తంలోకి ఎక్కించినవి కాలేయానికి చేరి, అక్కడి వాపును పసిగట్టాయి.

ఇవి మనుషులకు మామూలు పరీక్షగా ఇంకా రాలేదు. కాబట్టి ఎవరైనా ఈ పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇప్పుడు మనకు ఉన్నది

ఉబ్బసం రోగులకు శ్వాస పరీక్ష ఉంది. యంత్రంలోకి నెమ్మదిగా ఊదితే, బయటికి వచ్చే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో చెబుతుంది. పెద్దవారిలో వంద కోట్ల భాగాలకు 50 భాగాలు మించితే, శ్వాసనాళాల్లో అలర్జీ తరహా వాపు ఉండవచ్చు. అలాంటివారికి ఇన్‌హేలర్ ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ మందు మేలు చేసే అవకాశం ఎక్కువ.

గుండె రోగులకు మా మనవి

• నాలుక కింద మాత్ర కూర్చునే పెట్టుకోండి. బీపీ తగ్గి కళ్లు తిరగవచ్చు.
• 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.
• పురుషుల లైంగిక సమస్యకు ఇచ్చే సిల్డెనాఫిల్ వంటి మాత్రలను దీనితో కలిపి వాడకండి. రెండు మందులూ ఒకే దారిలో రక్తనాళాలను సడలిస్తాయి, బీపీ ప్రాణాపాయకరంగా పడిపోతుంది. అలాంటివి వాడుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుగారికి చెప్పండి.