చెక్క మీద తెలుగు అక్షరం: చవకలో సి.ఎన్.సి. సాఫ్ట్‌వేరు

మన చిన్నతనంలో బియ్యంలోనో ఇసుకలోనో వేలు పెట్టించి "అ, ఆ" దిద్దించేవారు. ఇక్కడ పుట్టిన మన పిల్లల చేత చెక్కలో లోతుగా చెక్కిన అక్షరాల మీద ఆ పని చేయించవచ్చు. అలాంటి పలకలకు మన అరోరా ఇళ్ళ బేస్‌మెంటులో ఒక మూల పట్టే సి.ఎన్.సి. యంత్రం చాలు. యంత్రం కొన్నవాళ్ళు చాలామంది ఆగిపోయేది సాఫ్ట్‌వేరు దగ్గరే.

బొమ్మ గీసేది క్యాడ్. ఆ బొమ్మను చెక్కడానికి బిట్ ఏ దారిన, ఎంత లోతున, ఎంత వేగంగా నడవాలో లెక్కగట్టేది క్యామ్. క్యామ్ రాసిచ్చే ఆజ్ఞల పట్టికే జి-కోడ్. పిల్లలూ, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. జి0 అంటే కోయకుండా గబగబా వెళ్ళు, జి1 అంటే చెప్పిన వేగంతో కోస్తూ వెళ్ళు. ఒక్కో యంత్రానిది ఒక్కో యాస. ఆ యాసలో రాసిపెట్టే భాగాన్ని పోస్ట్ ప్రాసెసర్ అంటారు. మీ యంత్రానికి అది లేని సాఫ్ట్‌వేరు ఉచితంగా వచ్చినా దండగే.

ఉచితమన్న మాటను కూడా కాస్త ఆగి చూడాలి. ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ 360 ఇంట్లో వాడుకునేవారికి ఉచితం కావడంతో చాలామంది అదే నేర్చుకున్నారు. 2020లో ఆ ఉచిత లైసెన్సుకు కోతలు పడ్డాయి. మార్చగలిగే ఫైళ్ళు ఒకసారికి పది, జి0 వేగం పోయింది, బిట్లు మార్చే సదుపాయం పోయింది. సాఫ్ట్‌వేరు మంచిదే, కానీ పగ్గాలు మన చేతిలో లేవు. పలకలు అమ్మి బడికి విరాళం పోగుచేద్దామనుకుంటే లైసెన్సు షరతులు ముందే చదవండి.

మొదటిసారి చేసేవారికి మన పక్కనే చికాగోలో పుట్టిన ఇన్వెంటబుల్స్ వారి ఈజిల్ తేలిక. బ్రౌజరులోనే నడుస్తుంది. కిరి-మోటో కూడా అంతే, పైగా ఓపెన్ సోర్స్. బడి లాంటి చోటికి మా ఓటు ఫ్రీక్యాడ్‌కే. 2024 నవంబరులో 1.0 వచ్చింది. నేర్చుకోవడం కష్టమే, మొదటి రెండు వారాలు విసుగొస్తుంది. కానీ ఈ ఏడు వాలంటీరు చేసిన ఫైలును వచ్చే ఏడు మరో వాలంటీరు రుసుము లేకుండా తెరవగలరు.

ఇక అసలు చిక్కు మన లిపిది. "స్త్రీ" అని టైపు చేస్తే "స్‌త్‌రీ" అని ముక్కలు పరిచే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి. అందుకని అక్షరాలను క్యామ్‌లో టైపు చేయకండి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో రాస్తే ఒత్తులు సరిగ్గా పడతాయి. ఆ తర్వాత "ఆబ్జెక్ట్ టు పాత్" నొక్కి, ఎస్.వి.జి. ఫైలుగా దాచి, క్యామ్‌లోకి తీసుకోండి. అక్కడ కొలత అంగుళాలా మిల్లీమీటర్లా అన్నది చూసుకోండి. పొరపడితే 25.4 రెట్ల తేడా!

ఫాంటు లావుగా ఉండాలి. అష్టదిగ్గజాలలోని రామభద్రుడి పేరు పెట్టుకున్న రామభద్ర ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఈ పనికి బాగా కుదురుతుంది. బిట్ కన్నా సన్నటి సందులోకి బిట్ దూరదు. 1/8 అంగుళం బిట్ పెడితే అంతకన్నా ఇరుకైన చోటును క్యామ్ చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. అక్షరం కడుపులో మిగిలే చెక్క మరీ చిన్నదైతే విరిగిపోతుంది. "ఠ"లో చుక్క చూడండి. వంపుల విషయంలో మాత్రం మనకు అదృష్టమే. గుండ్రటి బిట్‌కు ఇంగ్లీషు అక్షరాల మూలలకన్నా మన అక్షరాలే సులువు.

చెక్కే ముందు సిమ్యులేషన్‌లో ఒకసారి నడిపించి, తర్వాత ఫోమ్ ముక్క మీద ప్రయత్నించండి. పక్కన పిల్లలుంటే కళ్ళద్దాలు వాళ్ళకూ పెట్టండి.