బొంత గోడెక్కింది

పాత చీరలతో మన అమ్మమ్మలు కుట్టిన బొంతకూ, విదేశీ మ్యూజియాల్లో వేలాడే ఆర్ట్ క్విల్టుకూ దగ్గరి చుట్టరికం ఉంది. కొండా అడవీ రంగులిచ్చే గొలుగొండ వైపు నుంచి చూస్తే అది ఇంకా బాగా కనబడుతుంది.

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వైపు వెళ్తుంటే వస్తుంది గొలుగొండ. జీడితోటలు, వరిమళ్లు, వాటి వెనక తూర్పు కనుమలు. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ మండలంలోదే. పైన లంబసింగిలో మంచు పట్టే రోజుల్లో కింది ఊళ్లకూ చలి తగులుతుంది. అటక మీది బొంతలకు అప్పుడే పని పడుతుంది.

బొంత కుట్టడం చూడ్డానికి తేలిక. నాలుగైదు పాత నూలు చీరలు ఉతికి ఆరబెట్టి, చాప మీద ఒకదానిపై ఒకటి ముడతల్లేకుండా పరుస్తారు. మూలలు కదలకుండా బరువులు పెడతారు. బాగా చిరిగినవి లోపలికి, రంగు నిలిచినవి పైకి. కన్నం పడ్డచోట వేరే గుడ్డ అతుకు. దబ్బనానికి దారం ఎక్కించి, అంచు దగ్గర మొదలెట్టి వరసలు వరసలుగా టాకాలు వేసుకుంటూ వస్తారు. టాకాలు మరీ దగ్గరైతే బొంత అట్టకడుతుంది. దూరమైతే లోపలి గుడ్డ జారి ముద్దవుతుంది. పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం కాబట్టి ఆ దూరం సరిగ్గా కుదరాలి. దానికి టేపు అక్కర్లేదు, వేలి కొలత చాలు. ఎర్రంచు ముక్క పక్కన ఏ రంగు నప్పుతుందో తేల్చేది మాత్రం కన్నే. కళ అక్కడే మొదలైపోయింది.

విదేశీ క్విల్టులో తెలుగు గుడ్డ

క్విల్టు అంటే పొరలు కలిపి కుట్టిన దుప్పటి. ఆ మాట అనగానే అమెరికా, ఇంగ్లాండు గుర్తొస్తాయి. అందులో మన తీరానికీ వాటా ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు దుప్పట్లు ఓడలెక్కి యూరప్ చేరేవి. వాటిని పాలంపోర్ అనేవారు. నడుమ రాతిగుట్ట, దాని మీద పూలతో పిట్టలతో విరబూసిన పెద్ద చెట్టు. కృష్ణా డెల్టా ఇసుకనేలల చిరివేరు ఇచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలిచేది.

తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయంటూ ఫ్రాన్స్ 1686లో, బ్రిటన్ 1701లో, మళ్లీ 1721లో ఇలాంటి గుడ్డలపై ఆంక్షలు పెట్టాయి. ఖరీదైన సరుకు కాబట్టి చిన్న ముక్కనూ అక్కడివాళ్లు పారెయ్యలేదు. అద్దకంలోని పువ్వునీ పిట్టనీ అంచు వెంట కత్తిరించి, వేరే గుడ్డ మీద కుట్టి క్విల్టులు చేశారు. ఇంగ్లాండులోని లెవెన్స్ హాల్‌లో 18వ శతాబ్దపు తొలి ఏళ్ల నాటి అతుకుపని ఉంది. అందులోవి భారతీయ అద్దకపు ముక్కలే. మన అద్దకంవాళ్లు చెట్టును చూసి బొమ్మ వేస్తే, ఆ బొమ్మను చూసి ఇంకెక్కడో ఒకామె సూది పట్టింది. ప్రకృతి నుంచీ తోటి కళాకారుల నుంచీ తీసుకోవడమనే ఆనవాయితీ ఇంత పాతది.

మంచం దిగి గోడకు

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత అమెరికన్ క్విల్టులను పెయింటింగుల్లా గోడకు వేలాడదీసింది. 1979లో ఒహాయో రాష్ట్రం ఏథెన్స్‌లో, ఒకప్పటి పశువుల కొట్టంలో ‘క్విల్ట్ నేషనల్’ ప్రదర్శన మొదలైంది. 1989లో స్టూడియో ఆర్ట్ క్విల్ట్ అసోసియేట్స్ అనే సంఘం ఏర్పడింది. కప్పుకోవడానికి కాక చూడ్డానికే కుట్టే క్విల్టుకు అలా ఒక వేదిక దొరికింది.

మన బొంతకు మరీ దగ్గరి చుట్టం అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న జీస్ బెండ్ ఊరు. బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు అక్కడ పొలం పనికి వేసుకున్న ప్యాంట్లూ చొక్కాలతో కుట్టారు. మోకాళ్ల దగ్గర వెలిసిన నీలం, జేబు విప్పినచోట మిగిలిన ముదురు నీలం అలాగే వదిలేశారు. భర్త పోయాక మిజూరి పెట్‌వే 1942లో ఆయన పని బట్టలన్నీ కలిపి ఒక క్విల్టు చేసుకుంది, ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ వెంటనే విట్నీలో ఈ ఊరి క్విల్టులు చూసి విమర్శకులు అబ్బురపడ్డారు. 2006లో అవి తపాలా బిళ్లలయ్యాయి.

కొండే రంగుల పెట్టె

ప్రకృతిని కుట్టడానికి ఆకు బొమ్మే వెయ్యాలని లేదు. టాకాల వరసే పొలంగట్టు కావచ్చు. వరస వంపు తిరిగిన చోట గుడ్డ ఒకవైపు ఉబ్బుతుంది, ఇంకోవైపు నొక్కుకుంటుంది. వెలుతురు పక్క నుంచి పడితే ఆ ఎత్తుపల్లాల్లో నీడలు నిలుస్తాయి. కాగితం మీద రాని లోతు అది.

రంగులకూ దూరం పోనక్కర్లేదు. ఏజెన్సీలో వలిసెలు పూస్తే చేలన్నీ పసుపు. జాఫ్రా గింజలు నారింజ రంగిస్తాయి. గొలుగొండ ఉన్న అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఇలాంటి సహజ రంగులే పేరు తెచ్చాయి. ఆ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఆ బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల్లో నీలిరంగు కూడా ఉంది.

టేకు లేతాకు నలిపితే అరచేయి ఎర్రబడటం పల్లెల్లో పిల్లలందరికీ తెలిసిన ఆటే. కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు గుడ్డ మీద ఆ ఆకులు పరిచి, కర్రకు గట్టిగా చుట్టి, దారంతో బిగించి ఆవిరి పట్టిస్తే ఈనెలతో సహా ఆకు అచ్చు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్క తగిలిన చోట నలుపు తేలుతుంది. ఆస్ట్రేలియా కళాకారిణి ఇండియా ఫ్లింట్ నీలగిరి ఆకులతో ఇలాంటి పనే చేసి ఎందరికో దారి చూపింది.

తోటివాళ్ల చెయ్యి

మన దేశంలోనే నేర్చుకోదగ్గ పొరుగువాళ్లు చాలామంది. బెంగాల్ కాంథాలో సన్నటి టాకాలతోనే చేపలూ తామరలూ తేలుతాయి. బీహార్ సుజనీలో వరకట్నం లాంటి గోడు కూడా కుట్టులోకి వచ్చింది. సుజనీకి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉత్తర కన్నడ సిద్దీల బొంతలు ముదురు రంగుల అతుకులతో కళ్లకు కడతాయి. మన లంబాడీల అద్దాల పని సరేసరి.

చూసి నేర్చుకోవడానికీ కాజెయ్యడానికీ మధ్య గీత ఒకటుంది. జీస్ బెండ్‌లోనే, తమ పనితో వచ్చిన డబ్బులో న్యాయమైన వాటా అందలేదంటూ 2007లో కొందరు కోర్టుకెక్కారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. మ్యూజియం గోడ ఎక్కినంత మాత్రాన కుట్టినామె బతుకు బాగుపడదని తేలిపోయింది.

ఉత్తరాంధ్రలో చేతికి బొంత కుట్టడం కొత్తగా నేర్పనక్కర్లేదు. డ్వాక్రా సంఘాలున్నాయి, అమ్ముకోవడానికి విశాఖ దగ్గర్లోనే ఉంది. చెయ్యాల్సిన పని చిన్నది. బొంత వెనక మూలన గుడ్డ చీటీ ఒకటి కుట్టాలి. కుట్టినామె పేరు, ఊరు, సంవత్సరం, రంగు ఏ చెట్టుది, ఎవరి పని చూసి నేర్చుకుందో రాయాలి. కిలోల లెక్కన పాతబట్టకు కట్టే ధర కాకుండా, కూర్చుని కుట్టిన రోజుల కూలి కట్టాలి. ఆ చీటీ ఉంటే బేరం కూడా మర్యాదగానే మొదలవుతుంది.