కొత్త కుంపటిని ఎన్నుకొనుట, వాడుకకు తెచ్చుట

పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములలో మార్గశిర, పుష్య మాసములందు చలి మిక్కుటము. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగిలో కొన్ని సంవత్సరములు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్న డిగ్రీల చేరువకు దిగినది. ఇట్టి చోట్ల పలువురు ఇంటిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని చలి కాచుకొందురు. మైదాన ప్రాంతములలో సైతము బాలింత గదిలో కుంపటి ఉంచు ఆచారము కలదు. కుంపటి చిన్న వస్తువే. కాని దానిని తెలిసి వాడకున్న ప్రాణముల మీదికి వచ్చును.

ఎన్నిక

మట్టి కుంపటి కొనునప్పుడు వ్రేలి కణుపుతో తట్టి చూడవలెను. బాగుగా కాలినది ఖంగున మ్రోగును. పగులున్నది బొద్దుగా పలుకును. అడుగు వెడల్పుగా ఉండి, పిల్లల కాలు తగిలినను ఒరగకుండ నిలువవలెను. బొగ్గులు నిలుచు జల్లెడ క్రింద బూడిద రాలుటకు చోటును, గాలి పోవుటకు కన్నమును ఉండవలెను. ఆ కన్నము చిన్నదైనచో బొగ్గు సరిగా రాజుకొనదు. ఇనుప బకెట్టు కుంపటి అయినచో పట్టుకొనుటకు గట్టి కాడ ఉన్నదో లేదో చూచుకొనవలెను. చిన్న గదికి చిన్న కుంపటియే మేలు.

మట్టి పూత

ఇనుప కుంపటికి లోపల మట్టి పూత అవసరము. పుట్టమన్ను, ఊక, కొంచెము పేడ కలిపి, ఒక రాత్రి నాననిచ్చి, బాగుగా త్రొక్కి, రెండు వ్రేళ్ల మందమున మెత్తవలెను. గాలి కన్నము పూడిపోకుండ చూడవలెను. ఎండలో పెట్టక, నీడలో నాలుగైదు దినములు ఆరనీయవలెను. నెరియలు పడినచో తడి మట్టితో అదిమి పూడ్చవలెను.

తొలి మంట

పైకి ఆరినట్లు కనబడినను మట్టి లోపల తడి మిగిలియుండును. ఒక్కసారిగా పెద్ద మంట పెట్టినచో ఆ తడి ఆవిరియై, వెలుపలికి వచ్చు దారి లేక పూతను పగులగొట్టును. కావున మొదటి దినము ఆరుబయట ఎండు పుల్లలతో పావుగంట సన్నని మంట వేసి, తనంతట తానే చల్లారనీయవలెను. రెండవ దినము అరగంట మండించవలెను. మూడవ దినము సగము బొగ్గుతోను, ఆ తరువాత నిండుగాను వాడుకొనవచ్చును. కొత్త మట్టి కుంపటినైనను ఇట్లే వాడుకకు తేవలెను. వేడిగా నున్న కుంపటిపై నీళ్లు చల్లరాదు.

ఏ బొగ్గు?

ఎండిన కట్టె బొగ్గు వాడవలెను. గనులలో దొరకు రాక్షసి బొగ్గు పొగగొట్టము లేని కుంపటికి పనికిరాదు. దాని పొగయు, అందలి గంధకపు వాయువును కండ్లకు, ఊపిరితిత్తులకు చెరుపు చేయును. కట్టె బొగ్గునైనను బయటనే రాజబెట్టి, ఎఱ్ఱబడిన పిదప లోనికి తేవలెను.

పొగ లేకున్నను ప్రమాదమే

పొగ ఆగినది కదా, ఇక భయము లేదని తలచుట పెద్ద పొరపాటు. నిప్పుకు చాలినంత గాలి అందనప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ఎక్కువగా పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన పట్టుతో అది రక్తమునకు అంటుకొనును. అందువలన శరీరమునకు ప్రాణవాయువు అందదు. నిద్రించువారు మేల్కొనకయే ప్రాణము విడుతురు. బూడిద కప్పిన నిప్పు ఆరినట్లు కనబడినను వాయువును విడుచుచునే యుండును. గదిలో నీళ్ల చెంబు ఉంచినంత మాత్రమున ప్రయోజనము లేదు. ఈ వాయువు నీటిలో కరగుట అత్యల్పము.

కావున కుంపటి ఉన్నంతసేపు తలుపో, కిటికీయో తెరచి యుంచవలెను. పండుకొనుటకు ముందే కుంపటిని బయట పెట్టవలెను. బాలింత గదిలోను, పసిబిడ్డ ఉయ్యాల వద్దను ఈ నియమమును మరింత గట్టిగా పాటించవలెను. తల్లీబిడ్డలకు పొడి దుప్పట్లు, ఉన్ని బట్టలు కప్పి, బిడ్డను తల్లి ఒంటికి హత్తుకొని పడుకోబెట్టిన వెచ్చదనము చాలును.

ఇంటిల్లిపాదికి ఒకేసారి తలనొప్పి, తల తిరుగుట, వాంతి, నిస్సత్తువ కలిగినచో కుంపటిని అనుమానింపవలెను. వెంటనే తలుపులు తెరచి, అందరిని ఆరుబయటకు చేర్చి, 108కి ఫోను చేయవలెను. స్పృహ తప్పినవారికి నోట నీరు పోయరాదు.

గ్రామోద్యోగులు చలి ముదురకముందే గ్రామసభలోను, ఆశ్రమ పాఠశాలల వసతి గృహములలోను ఈ సంగతులు చెప్పవలెను. కుంపటి ఎంత మంచిదైనను, ఎంత చక్కగా వాడుకకు తెచ్చినను, రాత్రివేళ దాని చోటు గుమ్మము బయటనే.